కుజగ్రహం మీద గేదె

“తమ్మీ, వచ్చేటప్పుడు ఒక అట్ట పట్కరా. పెద్దది. జర మందంగ ఉండాలె. నూనె అంటొద్దు.”

బహ్రెయిన్‌లో, అద్లియా పేటలోని హోటలు పార్సెల్ కౌంటరు దగ్గర నిలబడి, ఒక చెవికి ఫోనూ ఇంకో చెవికి కస్టమర్ల కేకలూ తగిలించుకున్న బుజ్జిబాబుకి చివరి అక్షరం దగ్గర చిన్న తేడా వచ్చింది. అట్ట కాస్తా అట్టు అయి కూర్చుంది. అతను వంటింట్లోకి తల దూర్చి, “మాస్టారూ, ఒక అట్టు! పెద్దది, మందంగా! నూనె చుక్క తగలకూడదంట. మా లచ్చన్నకి కొవ్వు పెరిగిందో, కోరిక తరిగిందో!” అని అరిచాడు. మాస్టారు పెనాన్నీ బుజ్జిబాబునీ మార్చి మార్చి చూశాడు. నూనె లేని అట్టు పెనాన్ని వదలనంటే గరిటెతో గీకి, రేకులో చుట్టి చేతిలో పెట్టాడు.

సనాబిస్‌లో ఇద్దరూ ఉండే గదికి చేరేసరికి లచ్చన్న నేలమీద పాత పేపర్లు పరిచి, రంగు డబ్బాల మూతలు తీసి, కుంచెలు తుడుచుకుని ఎదురుచూస్తున్నాడు. రేకు విప్పాడు.

“ఇదేంది తమ్మీ?”

“అట్టు. నువ్వేగా అడిగావు?”

“నేనడిగింది అట్ట. డబ్బా అట్ట. బొమ్మ ఎయ్యనీకి.”

“అట్టు అన్నావ్ లచ్చన్నా, నా చెవులారా విన్నాను.”

“మా దిక్కు దీన్ని దోశ అంటం. అట్టు అనే మాట నా నోట్లకెళ్లి ఎట్లొస్తది?”

ఇంకెవరైనా అయితే నవ్వేసి, తప్పు నాదే అనేవారు. బుజ్జిబాబు కూడా నవ్వాడు. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. మర్నాడు హోటల్లో ఈ కథ చెప్పేటప్పటికి అది తిరగబడింది. అందులో అట్టు తెమ్మన్నది బుజ్జిబాబు. గోడలకు డ్రిల్లులు కొట్టే మోతలో సగం చెవులు పోగొట్టుకున్న లచ్చన్న డబ్బా అట్ట తెచ్చి, దానికి పచ్చడి రాసుకుని నమలబోయాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వొచ్చిన కథకి నిజం అడ్డమొస్తే బుజ్జిబాబు నిజాన్నే పక్కకి జరగమనేవాడు. నెల తిరిగేసరికి మనామాలో తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ‘మన చెవిటి లచ్చన్న’ అనే మాట వాడుకలోకి వచ్చేసింది. ఆ మాటకి లచ్చన్న కూడా నవ్వేవాడు. అతని చెవులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఆ మాట అతనికి బాగానే వినపడేది.

బుజ్జిబాబుది రాజోలు పక్క. నలభై దాటి, యాభై తలుపు తట్టే వయసు. అతను సనాబిస్‌లో మాట్లాడితే అవతల సీఫ్ పేటలో షాపింగ్ చేసేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారని చెప్పుకునేవారు. మాట దొరికితే దాన్ని తిరగేసి, బోర్లించి, రెండు ముక్కలు చేసి చూడకుండా వదలడు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, ఓవర్‌టైం ఇవ్వనంటే “కఫీల్ కాదురా, కఫం” అనేవాడు. లచ్చన్నది జగిత్యాల దిక్కు. బుజ్జిబాబు కన్నా ఐదారేళ్ళు పెద్ద. అమ్వాజ్‌లో కొత్త ఫ్లాట్లకి గోడ రంగులు వేస్తాడు. చిన్నప్పుడే మేస్త్రీల వెంట పోవడంతో అక్షరాలు అబ్బలేదు. రంగులు అబ్బాయి; తీరిక దొరికితే డబ్బా అట్టల మీద బొమ్మలు వేసుకునేవాడు.

ఆ ఇద్దరి మధ్యకీ పుస్తకాలు ఎలా వచ్చాయంటే, పై అంతస్తులో ఉండే అకౌంటెంటుగారు బహ్రెయిన్‌కి శాశ్వతంగా సెలవు చెప్పి వెళ్తూ ఒక డబ్బా పాత నవలలు వీళ్ళ గుమ్మంలో వదిలేశారు. అన్నీ రాకెట్లూ, గ్రహాలూ, మూడు కళ్ళ మనుషులూ ఉన్న కథలే. ఎప్పటివో అద్దె షాపు పుస్తకాలు. ఒక్కదానికీ అట్ట లేదు.

“సదువు తమ్మీ, ఇంటా,” అన్నాడు లచ్చన్న.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక బుజ్జిబాబు మంచం మీద కూర్చుని గట్టిగా చదవడం, లచ్చన్న కింద గోడకి ఆనుకుని వినడం అలవాటైంది. మొదటి పుస్తకం ‘కుజుడి మీద కాపురం’. రాకెట్టు బయల్దేరే దాకా బాగానే ఉంది. తర్వాత ఇంధనం గురించి పేజీలకి పేజీలు వచ్చాయి. ఏ ఇంధనం ఎంత మండుతుందో, ఎంత బరువుకి ఎంత వేగమో, అన్నీ లెక్కలే. బుజ్జిబాబుకి ఆవులింత వచ్చింది. లచ్చన్న మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఆవులింత మూసుకునేలోగా బుజ్జిబాబు నోరు తనంతట తానే కదిలింది.

“ఆ సమయమున కథానాయకుడు తన పాడిగేదెను తలచుకొని కన్నీరు పెట్టెను. దానిని విడిచి పోలేక, ముకుతాడు పట్టి రాకెట్టులోనికి ఎక్కించెను.”

లచ్చన్న నిటారుగా కూర్చున్నాడు. “బర్రెనా?”

“బర్రే.”

“మంచోడు తమ్మీ. పాలిచ్చే జీవాన్ని ఇడిసిపెట్టి పోలే.”

పుస్తకంలో నుంచి తల ఎత్తకుండా బుజ్జిబాబు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. అక్కడితో ఆగేదే. కానీ తర్వాతి శుక్రవారం పుస్తకం తెరవకముందే లచ్చన్న అడిగాడు, “బర్రె ఎట్లున్నది?” అని. బాగుందనక తప్పలేదు. దానికి ‘రాజ్యం’ అని పేరు పెట్టక తప్పలేదు. ఆ పుస్తకం అయిపోయి రెండోది మొదలైనా రాజ్యం దిగలేదు. శుక్రుడి మీద చిక్కటి పాలిచ్చింది. శని వలయాల చుట్టూ గానుగెద్దులా తిరిగి జ్వరం తెచ్చుకుంది. లెక్కల పేజీ వచ్చిందంటే చాలు, గేదె వచ్చేసేది. లచ్చన్న సంతోషం కోసమే చేస్తున్నానని బుజ్జిబాబు తనకి తాను చెప్పుకునేవాడు. తన గొంతు తనకే ముద్దొస్తోందని మాత్రం చెప్పుకోలేదు.

ఆ కథలు గదిలోనే ఆగలేదు. సాయంత్రం లచ్చన్న ఇంటికి ఫోన్ చేసి భార్య భూలక్ష్మికి విన్నది విన్నట్టు చెప్పేవాడు. అక్కడ భూలక్ష్మి ఫోన్‌ని తునికాకుల చాటలో నిలబెట్టి, స్పీకరు పెట్టేది. చుట్టూ బీడీలు చుట్టే ఆడవాళ్ళు చేతులు ఆపకుండా వినేవారు. అందరికంటే పెద్దామె రాములవ్వకి ఒకటే బెంగ. “ఆడ దానికి గడ్డి దొరుకుతదా బిడ్డా?” అని ప్రతిసారీ అడిగేది. మంచం మీద పడుకుని ఆ మాటలు వింటూ బుజ్జిబాబు దిండులో ముఖం పెట్టి నవ్వుకునేవాడు.

తర్వాత లచ్చన్న ఆ పుస్తకాలకి అట్టలు వేసే పని మొదలుపెట్టాడు. “పుస్తకం గిట్ల బరిబాత ఉంటే మంచిగ కొడ్తలేదు తమ్మీ,” అంటూ డబ్బాలు కోసి ఒక్కో పుస్తకానికి ఒక్కో ముఖచిత్రం వేశాడు. రంగులు అమ్వాజ్ ఫ్లాట్లలో మిగిలినవే. క్రీము, బూడిద, తెలుపు, ఈతకొలను అడుగున వేసే నీలం. అందుకని అతని విశ్వమంతా హాలూ బెడ్‌రూమూ రంగులోనే ఉండేది. కుజుడు క్రీముగా ఉన్నాడు. రాకెట్టు గ్యాసు బండలా ఉండి, దాని నడుముకి కిటికీ ఏసీ ఉంది. మూడు కళ్ళ వాళ్ళు కంపెనీ కవరాల్స్, సేఫ్టీ షూ వేసుకున్నారు. డబ్బా మీద అచ్చేసిన గొడుగు గుర్తూ బాణం గుర్తూ ఆకాశంలో అలాగే మిగిలిపోయాయి. ప్రతి అట్ట మీదా, అన్నిటికన్నా శ్రద్ధగా, వెంట్రుక వెంట్రుకా దిద్ది, గాజు టోపీ పెట్టి, కొమ్ములకి టోపీలో బెజ్జాలు కూడా చేసి, ఒక గేదె.

ఉగాది దగ్గర పడింది. తెలుగు సంఘం కార్యక్రమాలు చూసే రాజేంద్ర ఫోన్ చేసి, “బుజ్జిబాబు గారూ, ఈసారి కూడా మీ హాస్యం ఉండాలి. పాత జోకులు వద్దండి, మొన్నటివి జనానికి నోటికొచ్చేశాయి,” అన్నాడు. ఆ దెబ్బకి బుజ్జిబాబు గదంతా కొత్త జోకు కోసం వెతికాడు. కిటికీ గట్టున వరసగా ఆరబెట్టిన అట్టలు కనిపించాయి.

“లచ్చన్నా, నీ బొమ్మలు ఉగాదికి పెద్ద తెర మీద వేయిస్తాను.”

అబద్ధం కాదు. ఆ తర్వాత అతన్ని ఎక్కువగా కాల్చింది అదే.

“నాయా?” అన్నాడు లచ్చన్న. ఆ వారం డ్యూటీ నుంచి రాగానే ఒక్కో అట్టా తీసి రంగు పోయిన చోట మళ్ళీ దిద్దాడు. పండగనాడు తెల్ల చొక్కాకి ఇస్త్రీ చేసుకున్నాడు. గోళ్ళలో రంగు పోవడానికి కిరసనాయిలుతో చేతులు రుద్దుకున్నాడు. ఆ వాసన గదంతా కొట్టింది. అద్దం ముందు జోకులు వల్లె వేసుకుంటున్న బుజ్జిబాబుకి ఆ వాసన తగలగానే ఒక్కసారి మనసు చివుక్కుమంది. ‘ఏం కాదులే, లచ్చన్న అన్నిటికీ నవ్వుతాడు, అసలు గేదె నా కల్పనని ఈపాటికి తెలిసే ఉంటుంది’ అని సర్దుకున్నాడు. తెలుసో లేదో అడగలేదు. అడిగితే పది నిమిషాల హాస్యం పోతుంది.

హాలు నిండింది. వేదికని ఆనుకుని కింద ఒక బల్ల మీద పుస్తకాలూ అట్టలూ వరసగా పెట్టారు. మొదటి బొమ్మ తెర మీద పడగానే బుజ్జిబాబు మైకు మింగేసేలా పట్టుకున్నాడు.

“దీన్ని ముఖచిత్రం అంటారండీ. ఎందుకంటే చూసినవాడి ముఖం చిత్రంగా మారిపోద్ది!”

హాలు నవ్వింది.

“కుజుడు ఎర్రగా ఉంటాడని మనం విన్నాం. ఇక్కడ చూడండి, క్రీమ్ బన్ను! ఇది కుజదోషం కాదండీ, కుంచె దోషం. ఇది రాకెట్టంట! గ్యాసు బండకి జాకెట్టు కుట్టినట్టు లేదూ? ఇదిగో ఈయన గ్రహాంతరవాసి. సేఫ్టీ షూ చూశాక నాకు డౌటొచ్చింది, గ్రహాంతరవాసా, మన క్యాంపువాసా? బూటిప్పితే వాసన బట్టి చెప్పేయొచ్చు!”

కుర్చీలు కదులుతున్నాయి. కళ్ళు తుడుచుకుంటున్నారు. బుజ్జిబాబుకి ఒళ్ళు తేలిపోయింది. మూడో వరసలో లచ్చన్న ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. వీడియో కాల్‌లో భూలక్ష్మి, ఆమె వెనకాల చాటలు, ఆ వెనకాల రాములవ్వ తెల్లటి తల. జనం నవ్వుతుంటే లచ్చన్న కూడా నవ్వుతున్నాడు. తన బొమ్మలు జనానికి నచ్చాయనుకున్నాడు.

“ఇప్పుడు అసలు విషయం. ప్రతి బొమ్మలోనూ ఒక గేదె! అంతరిక్షంలో గేదె ఎందుకండీ? పాలపుంత అన్నారు కదాని పాలు పితకడానికి పంపారా?” హాలు ఊగిపోయింది. ఆ ఊపులో నాలుక ఆగలేదు. “ఏ పేజీలో ఉంది గేదె? ఏ లైనులో ఉంది? రాసినాయన రాకెట్టని రాస్తే, మా లచ్చన్న గేదె అని విన్నాడు! అట్టు అంటే అట్ట అని విన్న చెవులే కదా ఇవి!”

ఆ మాట పెదవి దాటుతుండగానే ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. కానీ చప్పట్లు ముల్లుని ముంచేశాయి. మూడో వరసలో నవ్వు అలాగే ఉంది, ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రం కొంచెం కొంచెంగా కిందికి దిగింది.

రాజేంద్ర ఉత్సాహం ఆపుకోలేక, “చిత్రకారుణ్ణి వేదిక మీదికి పిలుద్దాం!” అంటూ లచ్చన్నని చెయ్యి పట్టి తీసుకొచ్చేశాడు. ఇస్త్రీ చొక్కాలో, చేతిలో ఇంకా నడుస్తున్న ఫోన్‌తో లచ్చన్న దీపాల వెలుగులో కళ్ళు చికిలించుకుని నిలబడ్డాడు.

ముందు వరసలోంచి సత్యకుమారి లేచింది. అమలాపురం దగ్గరావిడ, ఇక్కడ ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. ఆవిడ మాటలో వెటకారం లేదు. “ఏవండీ, గేదెను భలే వేసేరండీ. ఆయ్, మా ఇంట్లో గేదె గుర్తొచ్చిందండి. కానీ రాకెట్లో ఎందుకెక్కించేరండీ?”

“కథల ఉన్నది గదమ్మా,” అన్నాడు లచ్చన్న.

రాజేంద్ర వంగి బల్ల మీది పుస్తకం తీసి గబగబా తిరగేశాడు. “ఇందులో ఎక్కడా గేదె లేదే! అంతా ఇంధనమే ఉంది.”

మళ్ళీ నవ్వులు. లచ్చన్న బుజ్జిబాబు వైపు తిరిగాడు. ఆ చూపులో నిందేమైనా ఉంటే బుజ్జిబాబు తట్టుకునేవాడు. లేదు. శుక్రవారం మధ్యాహ్నం గోడకి ఆనుకుని ‘తర్వాతేమైంది తమ్మీ’ అని చూసే చూపే అది. బుజ్జిబాబు కళ్ళు నేల వెతుక్కున్నాయి.

లచ్చన్న మైకు దగ్గరికి వంగాడు. “నాకే సక్కగ ఇనపడలే కావచ్చు. మోతల పనిజేస్తం గదా. బుజ్జి తమ్మి మంచిగనే సదివిండు. తప్పు నా చెవులదే.”

ఫోన్‌లోంచి భూలక్ష్మి గొంతు సన్నగా వచ్చింది. “ఏందయ్యా? బర్రె లేదా?”

లచ్చన్న బొటనవేలితో స్పీకరు మూసి, “తర్వాత చెప్త,” అన్నాడు. మెట్లు దిగి, బల్ల మీద వరసగా పెట్టిన అట్టల్ని ఒక్కొక్కటే బోర్లించడం మొదలుపెట్టాడు. బొమ్మ కిందికి, ఉత్త డబ్బా అట్ట పైకి.

బుజ్జిబాబు చెవులు కాలిపోతున్నాయి. జన్మలో మొదటిసారి, ఒక మాట కోసం తడుముకున్నాడు. అలవాటు కొద్దీ ‘అట్టడుగు’ అనే మాట నాలుక చివరికొచ్చింది. దాన్ని వెనక్కి మింగాడు.

“గేదె నాది,” అన్నాడు మైకులో.

హాలు గొల్లుమంది.

“నిజంగానండీ. గేదెని నేనే పెట్టాను.”

ఇంకా గొల్లుమంది. “పాలెంతకి పోస్తారు బుజ్జిబాబు గారూ?” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

“నవ్వకండి. దయచేసి నవ్వకండి.”

అతని నోటి నుంచి ఆ మాట రావడం కన్నా పెద్ద జోకు ఆ హాలు ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళుగా ఏది చెప్పినా నవ్వమని నేర్పింది అతనే. ఇప్పుడు వాళ్ళకి వేరేది రాదు.

మైకు కింద పెట్టేసి బుజ్జిబాబు మెట్లు దిగాడు. బల్ల దగ్గరికెళ్ళి లచ్చన్న ముందు చెయ్యి చాపాడు. “ఫోనివ్వు లచ్చన్నా.”

లచ్చన్న ఇచ్చాడు. ఫోన్ తెర మీద భూలక్ష్మి, నలుగురు ఆడవాళ్ళు, చాటలో సగం చుట్టిన బీడీ.

“వదినా, నేను బుజ్జిబాబుని.” నవ్వుతున్నవాళ్ళలో ముందు వరస ఆగింది, ఏం మాట్లాడుతున్నాడో వినడానికి. తర్వాత వెనక వరసలు ఆగాయి. “పుస్తకంలో గేదె లేదు వదినా. ఏ పుస్తకంలోనూ లేదు. లెక్కలు చదవడానికి బద్ధకమేసి, నాకు తోచింది కల్పించి చదివాను. లచ్చన్నకి చదువు రాదు కదా, కనిపెట్టలేడని. ఆయన చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. నేను చెప్పింది చెప్పినట్టే విన్నాడు, విన్నది విన్నట్టే వేశాడు. ఇందాక వీళ్ళందరి ముందూ, గేదె ఎక్కడుందని అడిగింది కూడా నేనే. తెలిసే అడిగాను.”

బుజ్జిబాబు ఫోన్ కొంచెం దించాడు.

“అట్టు కథ కూడా,” అన్నాడు. ఈసారి తల ఎత్తి జనంతో. మైకు లేకపోయినా ఆ గొంతు చివరి కుర్చీ దాకా వెళ్ళింది. “ఆయన అట్ట అడిగాడు. అట్టు అని విన్నది నేను. వాళ్ళ ఊళ్ళో దాన్ని దోశంటారు. ఆ మాటే ఆయన నోట రాదు. చెవిటివాణ్ణి నేనండీ. మీ అందరికీ తిప్పి చెప్పాను.”

సత్యకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. రాజేంద్ర పుస్తకం మూశాడు.

ఫోన్‌లోంచి భూలక్ష్మి అంది. “గట్లయితే శని కాడ దానికి జరమొచ్చినప్పుడు మేమంత ఏడిస్తిమి గదా తమ్మీ. రాములవ్వ దీపం సుత పెట్టింది.”

దీపం సంగతి బుజ్జిబాబుకి తెలియదు. లచ్చన్న ఎప్పుడూ చెప్పలేదు. “తప్పయింది వదినా,” అన్నాడు. ఆమె ‘సరే’ అనలేదు, ‘పోనీ’ అనలేదు. ఫోన్ తిరిగి లచ్చన్నకి ఇచ్చాడు.

లచ్చన్న బోర్లించిన అట్టల మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. మెల్లిగా అడిగాడు.

“తమ్మీ, మిగిలినయన్న ఉన్నయా? రాకెటు, కుజుడు, గా మూడు కండ్లోళ్ళు?”

“ఉన్నాయి లచ్చన్నా. అవన్నీ అచ్చులో ఉన్నాయి. గేదె ఒక్కటే లేదు.”

లచ్చన్న తల ఊపాడు.

“నాకు మంచిగనిపిచ్చింది గదొక్కటే,” అన్నాడు.